యాక్సిడెంట్‌లో మనిషి పోతే దహన ఖర్చులు, నష్టపరిహారం: అందరూ అడిగే ప్రశ్నలు

నేను లాయర్ని కాదు. 2021లో మా బావ విజయవాడ నుంచి స్కూటర్ మీద ఇంటికొస్తూ కాజ టోల్‌గేట్ దగ్గర లారీ గుద్ది పోయాడు. ఆ కేసు పట్టుకుని అక్కతో పాటు గుంటూరు కోర్టు మెట్లు మూడేళ్లు ఎక్కి దిగాను. అప్పట్నుంచి మా బంధువుల్లో, వీధిలో ఎవరింట్లో ఇలాంటిది జరిగినా ఫోన్ నాకే వస్తోంది. అందరూ అడిగేవి దాదాపు అవే ప్రశ్నలు, అందుకే ఒకచోట రాసి పెడుతున్నాను. లాయర్ దగ్గరికి వెళ్లకముందు చదువుకోవడానికే ఇది, లాయర్‌కి బదులు కాదు.

దహన సంస్కారాలకి పెట్టిన డబ్బు తిరిగి వస్తుందా?

వస్తుంది, కానీ మీరు పెట్టినంత రాదు. ఇది ముందే తెలిస్తే తర్వాత కడుపు మండదు. రోడ్డు ప్రమాదాల కేసుల్లో అంత్యక్రియల ఖర్చు అనేది బిల్లు చూసి ఇచ్చేది కాదు, ఎవరికైనా ఒకటే మొత్తం. 2017 అక్టోబరు 31న ప్రణయ్ సేథి కేసులో సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీల బెంచి దాన్ని 15,000 రూపాయలుగా ఖాయం చేసి, మూడేళ్లకోసారి పది శాతం పెంచుకుంటూ పొమ్మంది. ఆ లెక్కన 2020 అక్టోబరు నుంచి 16,500, 2023 అక్టోబరు నుంచి 18,150, 2026 అక్టోబరు దాటితే 19,965. అంతకుముందు సంగతి ఇంకా అన్యాయం. 1994లో మోటారు వాహనాల చట్టంలో చేర్చిన రెండో షెడ్యూలులో దహన ఖర్చుకి రాసిన అంకె 2,000 రూపాయలు. 2013లో రాజేష్ కేసులో సుప్రీంకోర్టే, అంత్యక్రియలంటే శ్మశానంలో కట్టే రుసుము ఒక్కటే కాదు, ఎవరి మతాచారం ప్రకారం వాళ్లకి ఇంకా ఖర్చులుంటాయని ఒప్పుకుని 25,000 ఇచ్చింది గానీ, ప్రణయ్ సేథి తీర్పు వచ్చాక ఆ 25,000 నిలవలేదు.

మా ఇంట్లో ఖర్చంతా మా మేనమామ ఒక లాంగ్ నోట్‌బుక్‌లో రాశాడు. ఐస్ బాక్స్ రెండు రోజులు, టెంటు, కుర్చీలు, పాడె సామాను, కట్టెలు, డప్పులవాళ్లు, సీతానగరం ఘాట్‌లో పిండాలు, చిన్నదినం, పెద్దదినం భోజనాలు, చివర్లో ఎర్ర ఇంకుతో గీత గీసి లక్షా ముప్పయ్యారు వేలు. ట్రిబ్యునల్ (ఇలాంటి ప్రమాదాల కేసులు తేల్చే కోర్టు) ఇచ్చింది 18,150. అక్క ఆ కాగితం చూసి "టెంటుకీ కుర్చీలకీ సరిపోతాయిలే" అంది, అంతే.

బిల్లులన్నీ పెడితే ఎక్కువ ఇస్తారా?

రోడ్డు ప్రమాదం కేసులో మామూలుగా ఇవ్వరు. దీనికో మంచి వైపు కూడా ఉంది, ఒక్క బిల్లు లేకపోయినా ఆ 18,150 ఇస్తారు. కట్టెలవాడు, కాటికాపరి రసీదులు ఇవ్వరు కదా, ఎవరూ అడగరు కూడా.

అయినా ఖర్చులు రాసి పెట్టుకోండి. చనిపోయేముందు ఆసుపత్రిలో అయిన ఖర్చు వేరే పద్దు, దానికి ప్రతి బిల్లూ, మందుల చీటీతో సహా, పనికొస్తుంది. శవాన్ని హైదరాబాదు నుంచో చెన్నై నుంచో అంబులెన్సులో తెచ్చుకుంటే ఆ రవాణా ఖర్చుని దహన ఖర్చులో కలపకుండా విడిగా అడగమని లాయర్‌కి చెప్పండి, రసీదు ఉంటే ఇచ్చే అవకాశం ఉంది. ఈఎస్ఐలోనూ (ఉద్యోగుల జీతంలోంచి కట్ అయ్యే ప్రభుత్వ బీమా), వినియోగదారుల కమిషన్‌లోనూ మాత్రం అసలు ఖర్చెంతో, పెట్టిందెవరో చూస్తారు. ఆ సంగతి కింద రాశాను.

మేం క్రైస్తవులం, శవపేటిక, సమాధి, ఆదరణ కూడిక ఖర్చు లెక్క వేరేగా ఉంటుందా?

ఉండదు. కఫన్, ఖబరస్తాన్ ఖర్చు పెట్టుకున్నవాళ్లకీ, కృష్ణలంక స్వర్గపురిలో దహనం చేసినవాళ్లకీ, పెద్దకర్మకి ఊరంతటికీ భోజనాలు పెట్టినవాళ్లకీ, పెట్టనివాళ్లకీ అదే మొత్తం.

లారీ ఓనరు తరఫున ఒక పెద్దమనిషి వచ్చాడు. మట్టి ఖర్చులకి యాభై వేలు ఇస్తాడట, ఒక కాగితం మీద సంతకం పెట్టమంటున్నాడు. తీసుకోవచ్చా?

నాకొచ్చే ఫోన్లలో సగం దీని గురించే. ఇల్లంతా ఏడుపులో ఉంటుంది, చేతిలో డబ్బుండదు, పెద్దదినం దగ్గరపడుతుంటుంది, అప్పుడే వస్తారు వీళ్లు. మా ఇంటికి ఏడో రోజు వచ్చారు. ముందు బావ ఫొటోకి దండ వేశారు, కాఫీ తాగారు, తర్వాత కవరు తీశారు. కవరుతో పాటు మడత పెట్టిన స్టాంపు పేపరు. అందులో "ప్రమాదం మృతుని పొరపాటు వల్లే జరిగింది, మాకు ఎవరి మీదా ఎలాంటి ఫిర్యాదూ లేదు, పూర్తి పరిహారం ముట్టింది" అని టైపు చేసి ఉంది. మా అక్క చదివే స్థితిలో లేదు. మా మేనమామ చదివాడు కాబట్టి సరిపోయింది.

డబ్బు తీసుకోవడం తప్పేం కాదు. నిర్లక్ష్యంగా బండి నడిపి మనిషి ప్రాణం తీసిన కేసు, అంటే పాత ఐపీసీలో 304-ఏ సెక్షన్, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో 106, ఇంట్లో కూర్చుని రాజీ చేసుకోగలిగే కేసు కానే కాదు. కాబట్టి "కేసు వెనక్కి తీసుకుంటున్నాం" అని రాసిచ్చినా దానికదే కేసు పోదు. కానీ "తప్పు మావాడిదే" అని మీ సంతకంతో ఒక కాగితం అవతలివాళ్ల చేతిలో ఉంటే, రేపు ట్రిబ్యునల్లో ఇన్సూరెన్స్ కంపెనీ లాయర్ దాన్నే మీ ముందు పెట్టి అడుగుతాడు. లక్షల కేసు యాభై వేల దగ్గర కుంటుపడుతుంది.

అవసరం ఉండి తీసుకుంటే మీరే ఒక తెల్లకాగితం మీద రాయండి: ఫలానా తేదీన ఫలానా బండి యజమాని నుంచి అంత్యక్రియల ఖర్చుల నిమిత్తం ఇంత ముట్టింది. అంతే, తప్పెవరిది, కేసు సంగతేంటి, అవేవీ వద్దు. అలా రాస్తే ఇవ్వనంటే, అతను వచ్చింది మట్టి ఖర్చుల కోసం కాదని అర్థమైపోతుంది.

పోస్టుమార్టం వద్దని మా పెద్దవాళ్లు గొడవ చేస్తున్నారు. చెయ్యకుండా తెచ్చుకోవచ్చా?

తెచ్చుకోకండి. "చచ్చినోణ్ణి మళ్లీ కోయిస్తారా" అని మా ఇంట్లో కూడా అన్నారు. ఆ బాధ నిజమే. కానీ ఆ ప్రమాదం వల్లే ప్రాణం పోయిందని చెప్పే కాగితం అదొక్కటే. అది లేకుండా దహనం అయిపోతే తర్వాత ఏ లాయరూ పెద్దగా ఏం చెయ్యలేడు.

ఇంకోటి, చాలామంది జారిపోయేది ఇక్కడే. ప్రమాదం అయ్యాక పది పదిహేను రోజులు ఆసుపత్రిలో ఉండి పోతే, "ఆసుపత్రిలో పోయాడు కదా" అనుకుని నేరుగా ఇంటికి తెచ్చేస్తారు. అప్పుడు కూడా పోలీసులకి చెప్పాలి, శవ పంచనామా, పోస్టుమార్టం అవ్వాలి. మొదట గాయాల కేసుగా కట్టిన ఎఫ్ఐఆర్‌ని మరణం కేసుగా సెక్షన్ మార్చారో లేదో స్టేషన్‌కి వెళ్లి అడగండి.

బిల్లు కట్టేదాకా శవాన్ని ఇవ్వమంటోంది ప్రైవేటు ఆసుపత్రి.

అలా ఆపే హక్కు వాళ్లకి లేదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ తయారుచేయగా కేంద్ర ఆరోగ్యశాఖ రాష్ట్రాలకి పంపిన రోగుల హక్కుల పట్టికలో, బిల్లు గొడవ ఉందని మృతదేహాన్ని ఆపకూడదని స్పష్టంగా ఉంది. గొంతు పెంచక్కర్లేదు, పోలీసులకి ఫోన్ చేస్తున్నాం అని చెప్పి నిజంగానే చేయండి. ప్రభుత్వాసుపత్రి నుంచయితే మృతదేహాన్ని ఇంటికి చేర్చడానికి మహాప్రస్థానం వాహనాలు ఉచితం. మార్చురీ బయట నిలబడి అయిదు వేలు, ఎనిమిది వేలు అనే ప్రైవేటు బళ్లవాళ్లతో బేరం పెట్టుకునేముందు లోపల అడగండి.

ఏయే కాగితాలు కావాలి?

ఎఫ్ఐఆర్, శవ పంచనామా, పోస్టుమార్టం రిపోర్టు, బండిని తనిఖీ చేసిన ఎంవీఐ (మోటారు వాహనాల ఇన్‌స్పెక్టర్) రిపోర్టు, ఛార్జిషీటు. ఇవన్నీ స్టేషన్ నుంచో కోర్టు నుంచో వచ్చేవి. గుద్దిన బండి ఆర్‌సీ, ఇన్సూరెన్స్, డ్రైవరు లైసెన్స్ వివరాలు కూడా పోలీసుల దగ్గరే ఉంటాయి. 2022 ఏప్రిల్ నుంచి వచ్చిన రూల్స్ ప్రకారం పోలీసులే 48 గంటల్లో మొదటి రిపోర్టు, 90 రోజుల్లో పూర్తి రిపోర్టు ట్రిబ్యునల్‌కి పంపాలి. కాగితం మీద బాగుంది. మీ కాపీలు మీరు తీసుకోండి.

మీరు తెచ్చుకోవాల్సినవి డెత్ సర్టిఫికెట్, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, అందరి ఆధార్‌లు, చనిపోయినాయన వయసుకీ సంపాదనకీ రుజువు. డెత్ సర్టిఫికెట్ ప్రాణం పోయిన ఊళ్లో వస్తుంది, సొంతూళ్లో కాదు. గుంటూరు మనిషి విజయవాడ ఆసుపత్రిలో పోతే విజయవాడ కార్పొరేషన్‌లోనే తీసుకోవాలి, 21 రోజుల్లోపు నమోదైతే ఏ తలనొప్పీ ఉండదు. పేరు, ఇంటిపేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉన్నాయో లేదో అక్కడే కౌంటరు దగ్గరే చూసుకోండి. మా బావ పేరులో ఒక్క అక్షరం తేడా వచ్చింది, దాన్ని దిద్దించడానికి నాలుగు నెలలు. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సచివాలయంలో అర్జీ పెడితే తహసీల్దారు ఇస్తారు.

కేసు ఎక్కడ వెయ్యాలి? యాక్సిడెంట్ సూర్యాపేట దగ్గర అయింది, మేముండేది గుంటూరు.

గుంటూరులోనే వేసుకోవచ్చు. ప్రమాదం జరిగిన చోట, లేదా మీరు ఉండే చోట, లేదా అవతలివాళ్లు ఉండే చోట, మూడింట్లో ఏది కావాలంటే అది. "యాక్సిడెంట్ తెలంగాణలో కదా, అక్కడికే పోవాలి" అని ఎవరైనా చెబితే నమ్మకండి. జిల్లా కోర్టులోనే మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ ఉంటుంది, కేసుకి ఎంవీఓపీ అని నంబరు పడుతుంది. ఆ నంబరు రాసి పెట్టుకుంటే వాయిదా ఎప్పుడో ఫోన్‌లోనే చూసుకోవచ్చు, ప్రతిసారీ గుమాస్తాని బతిమాలక్కర్లేదు.

ఎన్నాళ్లలోపు వెయ్యాలి?

ప్రమాదం జరిగిన రోజు నుంచి ఆరు నెలలు. మా కేసప్పుడు ఈ గడువు లేదు, 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. ఈ గడువు న్యాయం కాదని సుప్రీంకోర్టులో సవాలు చేసినవాళ్లున్నారు, కాబట్టి ఆరు నెలలు దాటిపోయినా వెంటనే ఆశ వదులుకోకుండా లాయర్ని కలవండి. దాటకముందు మాత్రం "ఏడాది మైల గడవనీ, తర్వాత చూద్దాం" అనే మాట వినకండి. పెద్దవాళ్లు ఆ మాట మంచి మనసుతోనే అంటారు.

మొత్తం మీద ఎంత వస్తుంది?

దహన ఖర్చు ఇందులో చిన్న పద్దు. అసలు డబ్బు, ఆ మనిషి బతికుంటే ఇంటికి తెచ్చేదెంత అన్న లెక్కలో ఉంది. ఉదాహరణకి 34 ఏళ్ల ఆటో డ్రైవరు, నెలకి 15,000 సంపాదన అని ట్రిబ్యునల్ ఒప్పుకుందనుకోండి. సొంత పని చేసుకునేవాడు, నలభై లోపు వయసు, కాబట్టి ముందుముందు పెరిగేదాని కింద 40 శాతం కలుపుతారు, 21,000 అయింది. ఏడాదికి 2,52,000. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి, అంటే నలుగురు ఆధారపడ్డారు కాబట్టి తన సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు, 1,89,000 మిగిలింది. 31 నుంచి 35 ఏళ్ల వయసుకి గుణకం 16 (2009లో సరళా వర్మ కేసులో వేసిన పట్టిక ఇది), గుణిస్తే 30,24,000. దీనికి దహన ఖర్చు 18,150, ఆస్తి నష్టం (లాస్ ఆఫ్ ఎస్టేట్ అనే పద్దు, బండి నష్టం కాదు) కింద 18,150, మనిషి తోడు కోల్పోయినందుకు ఒక్కొక్కరికి 48,400 చొప్పున నలుగురికి 1,93,600. అన్నీ కలిపితే 32,53,900.

అందుకే అంటున్నా, 18,150 దగ్గర పట్టుబట్టి పోట్లాడే ఓపిక ఆ 15,000 జీతం రుజువు చెయ్యడం మీద పెట్టండి. మిర్చి యార్డులో హమాలీ అయితే యార్డు ఇచ్చిన కార్డు, మేస్త్రీ అయితే పని ఇచ్చిన కాంట్రాక్టరు సాక్ష్యం, ఆటో అయితే ఫైనాన్సు వాయిదాలు కట్టిన రసీదులు. నెలకి ఆరు వేల వాయిదా కట్టేవాడి సంపాదన ఎనిమిది వేలే అని కంపెనీ లాయర్ అనలేడు కదా.

పోయింది మా అమ్మ. ఉద్యోగం లేదు, ఇంట్లోనే ఉండేది. "ఆదాయం లేదు" అంటున్నారు.

ఇంటిపనికి విలువ కట్టాల్సిందేనని సుప్రీంకోర్టు చాలాసార్లు చెప్పింది, 2021లో కీర్తి కేసులో మరీ వివరంగా. ఆదాయం లేదనే మాటకి మీ లాయరు తలూపితే లాయర్ని మార్చండి.

గుద్దిన బండి ఏదో తెలియలేదు.

అప్పుడు ట్రిబ్యునల్ కాదు, హిట్ అండ్ రన్ పథకం. 2022 ఏప్రిల్ 1 నుంచి మరణానికి 2 లక్షలు, అంతకుముందు 25,000 ఉండేది. అర్జీ రెవెన్యూ ఆఫీసులో పెట్టాలి, విచారణ అయ్యాక కలెక్టర్ మంజూరు చేస్తారు. దహన ఖర్చు వేరేగా ఉండదు, ఆ రెండు లక్షల్లోనే. తర్వాత ఎప్పుడైనా బండి దొరికి మామూలు పరిహారం వస్తే ఈ డబ్బు తిరిగి ఇచ్చేస్తామని హామీ పత్రం రాయించుకుంటారు, భయపడాల్సిందేమీ లేదు. ఈ పథకం ఉందని చాలా స్టేషన్లలో వాళ్లంతట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి.

బైకు స్కిడ్డయి మావాడే పడి పోయాడు. ఎవరినీ అనడానికి లేదు. ఏమైనా వస్తుందా?

బండి అతని పేరున ఉండి, లైసెన్స్ ఉండి, ఇన్సూరెన్స్‌లో ఓనర్ డ్రైవర్ పర్సనల్ యాక్సిడెంట్ కవర్ కట్టి ఉంటే 15 లక్షలు వస్తాయి. పాలసీ కాగితంలో ఆ వరస ఉందో లేదో చూడండి. తర్వాత బ్యాంకు పాస్‌బుక్ తీసి మే, జూన్ నెలల్లో 20 రూపాయలు కట్ అయిందేమో చూడండి. అది ప్రధానమంత్రి సురక్షా బీమా, ప్రమాద మరణానికి 2 లక్షలు. 436 కట్ అయి ఉంటే జీవన జ్యోతి, ఇంకో 2 లక్షలు. ఎప్పుడో బ్యాంకులో సంతకం పెట్టి మరిచిపోయినవాళ్లు బోలెడంతమంది. మా బావ పాస్‌బుక్‌లో ఆ గీత (అప్పట్లో 12 రూపాయలే) అక్కకి కనపడింది పెద్దదినం అయిన మర్నాడు, బీరువా సర్దుతుంటే. ఇలాంటి బీమా డబ్బు వచ్చిందని ట్రిబ్యునల్ పరిహారంలో తగ్గించరు.

ఆర్టీసీ బస్సు గుద్దింది.

కేసు అదే ట్రిబ్యునల్లోనే. సంస్థ సొంత బస్సయితే ఆర్టీసీ మీద వేస్తారు, అద్దె బస్సయితే బస్సు యజమానినీ అతని ఇన్సూరెన్స్ కంపెనీనీ కూడా కలపాలి. బస్సు పక్కన రాసి ఉన్న డిపో పేరు, నంబరు ఫొటో తీసి ఉంటే బాగా పనికొస్తుంది.

రైల్లోంచి పడి పోయాడు.

దానికి రైల్వే క్లెయిమ్స్ ట్రిబ్యునల్ వేరు. మరణానికి 8 లక్షలు, 2017 నుంచి ఇదే. ఎవరి తప్పు అని చూడరు, కానీ టికెట్ ఉన్న ప్రయాణికుడై ఉండాలి. శవం దగ్గర టికెట్ దొరకలేదన్న ఒక్క కారణంతో కొట్టెయ్యకూడదని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది, కొన్నట్టు మీరు ప్రమాణ పత్రంతో చెప్పుకోవచ్చు. ఏడాదిలోపు వెయ్యాలి. పట్టాలు దాటుతూ గుద్దించుకుంటే మాత్రం ఇది వర్తించదు.

పనిచేసే చోట ప్రమాదం జరిగి పోతే?

జీతంలో ఈఎస్ఐ కట్ అవుతుంటే అంత్యక్రియల ఖర్చు కింద 15,000 దాకా ఈఎస్ఐ ఇస్తుంది. పనిలోనే పోవాలని కూడా లేదు, మామూలు మరణానికీ ఇస్తారు. కుటుంబంలో పెద్దవాళ్లకి ఇస్తారు, కుటుంబం లేకపోతే నిజంగా ఖర్చు పెట్టి కర్మ చేసినవాళ్లకి. మూడు నెలల్లోపు అడగాలి. ఇది గుణదల ఈఎస్ఐ ఆసుపత్రిలో అడిగితే పని జరగదు, బ్రాంచి ఆఫీసుకి వెళ్లాలి. పనిలో ప్రమాదం వల్ల పోతే ఆధారపడ్డవాళ్లకి నెలనెలా పింఛను కూడా ఉంటుంది, అసలు చూసుకోవాల్సింది అదీ.

ఈఎస్ఐ లేని చోట, అంటే భవనం పనులు, మిల్లులు, లారీ క్లీనర్లు, ఇలాంటివాళ్లకి యజమాని కట్టాలి. 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలో పరిహారానికి తోడు దహన ఖర్చుకి 5,000కి తగ్గకుండా యజమాని జమ చెయ్యాలని ఉండేది. 2025 నవంబరు 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రత కోడ్ అమల్లోకి వచ్చింది కాబట్టి ఆ తేదీ తర్వాత జరిగిన ప్రమాదాలకి లెక్క కార్మిక శాఖ ఆఫీసులో అడిగి తెలుసుకోండి.

డాక్టర్ల నిర్లక్ష్యం వల్ల పోయాడని మా అనుమానం.

డబ్బు కట్టి వైద్యం చేయించుకుంటే వినియోగదారుల కమిషన్‌కి వెళ్లొచ్చు, రెండేళ్ల గడువు, విజయవాడలోనూ గుంటూరులోనూ జిల్లా కమిషన్లు ఉన్నాయి. అందరికీ పూర్తిగా ఉచితంగా చూసే ఆసుపత్రి దీని కిందికి రాదు. ఇక్కడ 18,150 లాంటి కట్టుబాటు లేదు, అంత్యక్రియలకి ఎంతయిందో చూపించి అడగొచ్చు, కాబట్టి మేనమామ నోట్‌బుక్ లాంటిది ఇక్కడ పనికొస్తుంది. కానీ వేరే డాక్టరు అభిప్రాయం లేకుండా ఈ కేసు నిలబడటం కష్టం. ముందు కేస్ షీట్ మొత్తం కాపీ అడగండి, 72 గంటల్లో ఇవ్వాలి.

తలకొరివి పెట్టింది మా బాబాయి కొడుకు, ఖర్చంతా పెట్టింది కూడా వాడే. దహన ఖర్చు వాడికి వస్తుందా?

రోడ్డు ప్రమాదం కేసులో ఆ డబ్బు కూడా వారసుల పేరునే వస్తుంది. మీ ఇంట్లో మీరు లెక్క చూసుకోవాల్సిందే. భార్య, పిల్లలు, తల్లిదండ్రులు అందరూ కలిసి ఒకే పిటిషన్ వెయ్యండి. పెళ్లయి వెళ్లిపోయిన ఆడపిల్ల కూడా వారసురాలే, ఆమెని వదిలేసి వేస్తే కేసు మధ్యలో గొడవ లేస్తుంది. అత్తా కోడళ్లు వేరువేరు లాయర్లని పెట్టుకుని ఒకే మరణానికి రెండు పిటిషన్లు వేసిన ఇల్లు నాకు తెలుసు, రెండింటినీ కలిపి విచారించడానికే ఏడాదిన్నర పోయింది.

లాయర్ ఇరవై శాతం అడుగుతున్నాడు.

వచ్చిన పరిహారంలో వాటా మాట్లాడుకోవడం బార్ కౌన్సిల్ నియమాలకి విరుద్ధం. జరుగుతూనే ఉంది, అది వేరే సంగతి. ఫీజు ఇంతని ముందే మాట్లాడుకోండి. మార్చురీ దగ్గరే విజిటింగ్ కార్డు చేతిలో పెట్టేవాళ్లకి మాత్రం అక్కడికక్కడే వకాలత్ మీద సంతకం పెట్టకండి. ఆడవాళ్లకి, పిల్లలకి, ఎస్సీ ఎస్టీలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్ని ఇస్తారు. కోర్టు ఆవరణలోనే జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉంటుంది, లేదా 15100కి ఫోన్ చేయండి. ఉచితంగా వచ్చే లాయరు సరిగా చెయ్యడనే మాట ఉంది, నేను చూసినవాళ్లలో బాగా చేసినవాళ్లూ ఉన్నారు, ఫోన్ ఎత్తనివాళ్లూ ఉన్నారు, డబ్బిచ్చిన లాయర్లలో ఉన్నట్టే.

లోక్ అదాలత్‌లో రాజీ పడమంటున్నారు. పడొచ్చా?

తొందరగా తేలుతుంది, కొంత తగ్గించుకోవాలి. అక్కడ ఒప్పుకున్నాక అప్పీలు లేదు. వెళ్లేముందు పైన రాసిన లెక్క మీ కేసుకి వేసుకుని కాగితం జేబులో పెట్టుకోండి. ట్రిబ్యునల్ తీర్పు నచ్చకపోతే మాత్రం 90 రోజుల్లో నేలపాడులోని హైకోర్టుకి వెళ్లొచ్చు.

తీర్పు వచ్చాక డబ్బు ఎలా ఇస్తారు?

ఇన్సూరెన్స్ కంపెనీ జమ చేశాక తీర్పులో ఎవరి వాటా ఎంతని రాస్తే అంత వాళ్ల ఖాతాలో పడుతుంది. పిటిషన్ వేసిన రోజు నుంచి వడ్డీ కలుస్తుంది, నేను చూసిన తీర్పుల్లో ఆరు నుంచి తొమ్మిది శాతం మధ్య. మైనరు పిల్లల వాటాని పద్దెనిమిది నిండేదాకా బ్యాంకులో ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తారు, మధ్యలో చదువు ఫీజులకి కావాలంటే కోర్టులో అర్జీ పెట్టుకోవాలి. అక్క వాటాలోంచి ముందు కొంతే చేతికిచ్చారు. ఆ డబ్బు పడిన రోజు సాయంత్రం మేనమామ ఇంటికెళ్లి అప్పటి అప్పు తీర్చింది. ఆయన లాంగ్ నోట్‌బుక్ తీసి, ఎర్ర గీత కింద "ముట్టింది" అని రాసి, తేదీ వేసి, అక్క చేత కూడా సంతకం పెట్టించుకున్నాడు.